బఠానీ చిగుళ్ళు: ట్రేలో గింజ ఎందుకు కుళ్ళుతోంది, కత్తెర ఎక్కడ పెట్టాలి

మీరు అడిగింది ఇదీ కదండి: శ్రీకాకుళంలో రెండో అంతస్తు అద్దె ఇల్లు, తూర్పు వైపు చిన్న బాల్కనీ, కిరాణా కొట్లో కొన్న ఎండు బఠానీలు సెప్టెంబర్లో ఒకసారి అక్టోబర్లో ఒకసారి ట్రేలో వేస్తే రెండుసార్లూ సగం గింజలు జిగురు పట్టి కంపు కొట్టాయి, మిగతా సగం మొలిచి జానెడు పైన పెరిగాక కోసి వండితే నార నారగా నోట్లోనే తిరుగుతూ ఉండిపోయింది. తప్పు ఎక్కడ జరిగింది, ఎప్పుడు కోయాలి, ఒకసారి కోశాక మళ్ళీ వస్తుందా, ఈ మూడే కదా మీ డౌట్లు.

సూటిగా చెప్పేస్తా. గింజ కుళ్ళింది నీళ్ళు ఎక్కువై ఊపిరాడక, దానికి తోడు మీరు వేసిన రెండు నెలలూ బఠానీకి పడని నెలలు. నార వచ్చింది ఆలస్యంగా కోసినందుకు. నవంబర్ మూడో వారం దాటాక వెయ్యండి, ఎనిమిది గంటలకి మించి నానబెట్టకండి, ట్రే అడుగున చిల్లులు ఉండి తీరాలి, బెత్తెడు మీద రెండు వేళ్ళ ఎత్తు రాగానే అడుగు కణుపు వదిలేసి దాని పైన కోసెయ్యండి. మళ్ళీ వస్తుందా అంటే వస్తుంది, రెండో కోత బాగానే వస్తుంది, మూడోది మొహమాటానికి వస్తుంది.

ఇంతకీ నేను విజయనగరం, కంటోన్మెంట్ వైపు ఉంటాం, తొమ్మిదేళ్ళుగా మేడ మీద ఆకుకూరలు వేస్తున్నా, అందులో ఏడు చలికాలాలు బఠానీ చిగుళ్ళు కూడా. మధ్యలో ఒక సీజన్ ఒక హోటల్‌కి ట్రేల లెక్కన ఇచ్చాను, అక్కడ నాకు తగిలిన దెబ్బే మీకిప్పుడు తగిలింది, అది కింద చెప్తా. అగ్రికల్చర్ చదువుకున్నదాన్ని కాదు, చేతికి మట్టి అంటించుకుని నేర్చుకున్నదే.

అసలు ఇది నాకు యూట్యూబ్ చూసి పట్టిన పిచ్చి కాదండి. మా పిన్ని వాళ్ళది ఖరగ్‌పూర్, బాబాయిది రైల్వే ఉద్యోగం. మన రెండు జిల్లాల వాళ్ళు అక్కడ తరాలుగా ఉన్నారు కదా, బజారుకి వెళ్తే నాలుగడుగులకొకసారి మన యాసే వినిపిస్తుంది. ఒక డిసెంబర్లో వెళ్తే అక్కడ బెంగాలీ ఆవిడలు బఠానీ తీగల కొసలు కట్టలు కట్టి అమ్ముతున్నారు, మటర్ శాక్ అంటారు, చలికాలం అంతా తింటారు. పిన్ని దాన్ని మన పద్ధతిలో పెసరపప్పు వేసి ఎండుమిర్చి వెల్లుల్లి పోపుతో పొడికూర చేసింది, పచ్చి బఠానీ రుచి మొత్తం ఆ ఆకులోనే ఉంది, ఇన్నేళ్ళూ కాయ వలిచి తీగ పారేశామా అనిపించింది. ఇంటికొచ్చి గంట స్తంభం దగ్గర ఆకుకూరలమ్మే ఆవిడని అడిగితే "బటానీ ఆకేటమ్మా, ఆకు ఎవులు తింతారు" అని నవ్వింది. ఇక దొరకదని తేలిపోయాక సొంతంగా మొదలెట్టా.

ఎప్పుడు వెయ్యాలి

బఠానీ చలి పంట. పదిహేను ఇరవై డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, ఇరవై ఏడు ఇరవై ఎనిమిది దాటితే కాండం బేగి నారెక్కుతుంది, ముప్పై దాటి గాలిలో ఉక్క కూడా ఉంటే గింజ మొలకెత్తే లోపే బూజుకి బలైపోతుంది. మీరు వేసిన సెప్టెంబర్, అక్టోబర్ మన తీరంలో సరిగ్గా అలాంటి నెలలు. వాన, ఉక్క, మధ్యలో తుఫాన్లు, 2014లో హుద్‌హుద్ వచ్చినా 2018లో తిత్లీ వచ్చినా రెండూ అక్టోబర్లోనే కదా. ఆ గాలిలో ఆరేసిన తువ్వాలే ఆరదు, ట్రే ఏం ఆరుతుంది.

నా లెక్క చాలా మోటుగా ఉంటుంది. పైడితల్లమ్మ సిరిమాను (దసరా వెళ్ళాక జరిగే మా ఊరి జాతర) అయ్యాక ఒక నెల ఆగి మొదటి ట్రే వేస్తా, అరసవిల్లి రథసప్తమికి, అంటే జనవరి చివరో ఫిబ్రవరిలోనో, ఆఖరి ట్రే. పండగలు ఏటా కొంచెం ముందూ వెనకా అవుతాయనుకోండి, అయినా ఈ లెక్క నన్ను పెద్దగా మోసం చెయ్యలేదు. డిసెంబర్ జనవరిలో మా మేడ మీద రాత్రిపూట పదిహేడు పద్దెనిమిదికి దిగుతుంది, పగలు ఎండ ఉన్నా నీడ పట్టున పెడితే చాలు. శృంగవరపుకోట దాటి కొండ కింద ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఇంకో రెండు వారాలు కలిసొస్తాయి, సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి కొంచెం తక్కువ. వేసవిలో ఏసీ గదిలో లైటు కింద పెంచేవాళ్ళున్నారు, కరెంటు బిల్లు చూసుకుంటే ఆ చిగురు జీడిపప్పు రేటు పడుతుంది, నేనైతే ఆ నాలుగు నెలలు తోటకూర తింటా.

గింజ సంగతి

ఇక్కడే సగం మంది దెబ్బతింటారు. బఠానీ పప్పు, అంటే బద్దలు, మొలవవు. వేయించిన ఉప్పు బఠానీలు మొలవవు (నవ్వకండి, మా పక్కింటావిడ వేసింది). ఫ్రిజ్‌లో గడ్డకట్టించి అమ్మేవి మొలవవు, కాయ వలిచిన పచ్చి గింజలూ ఇంకా ముదిరి ఉండవు కాబట్టి పనికిరావు. కావలసింది గుండుగా ఉన్న ఎండు బఠానీ.

కిరాణా కొట్లో రెండు రకాలుంటాయి, పచ్చవి, తెల్లవి. పచ్చవి కొన్నప్పుడు ముందు ఒక గాజు గ్లాసు నీళ్ళలో గుప్పెడు వేసి అరగంట కదపకుండా ఉంచండి, నీళ్ళలోకి ఆకుపచ్చ దిగితే అది రంగు పూసిన సరుకు, తినడానికే పనికిరాదు, మొలకలకి అసలే వద్దు. నేను ఎక్కువగా తెల్ల బఠానీయే వాడతా, చాట్ బళ్ళ వాళ్ళు ఉడకబెట్టేది అదే, చవక, రంగు గొడవ లేదు. కాకపోతే ఒక విషయం, ఈ తెల్ల బఠానీలో చాలా భాగం బయటి దేశాల నుంచి వచ్చేది, కెనడా లాంటి చోట్ల పొలంలో చేను పడిపోకుండా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడాలని ఆకులు తగ్గించి నులితీగలు (దారాల్లా మెలి తిరిగి పక్కదాన్ని పట్టుకునేవి) ఎక్కువ వచ్చే రకాలు వేస్తారు. కాబట్టి మీ ట్రేలో ఆకు తక్కువ తీగలు ఎక్కువ కనిపిస్తే అది మీ పెంపకం లోపం కాదు, గింజ జాతే అంత. తినడానికి బానే ఉంటుంది, ఇంకాస్త ముందు కోసుకోవాలి అంతే.

ఆకు ఎక్కువ కావాలంటే విత్తనాల షాపులో ఆర్కెల్ లాంటి కూరగాయ రకం అడగండి. ఆ గింజ ముడతలు పడి ఉంటుంది. స్కూల్లో మెండెల్ పాఠం గుర్తుందా, గుండ్రం గింజ, ముడతల గింజ, పొడుగు మొక్క, పొట్టి మొక్క అని బట్టీ పట్టించేవాళ్ళు, ఆ పాఠం ఎందుకూ పనికిరాదనుకున్నా గాని ఇక్కడ పనికొచ్చింది. ముడతల గింజలో చక్కెర ఎక్కువ, పిండి తక్కువ, చిగురు కమ్మగా ఉంటుంది, కానీ నీళ్ళు ఎక్కువ పీల్చి తడి ఎక్కువైతే గుండ్రం గింజకంటే ముందే కుళ్ళుతుంది. మొదటిసారి వేసేవాళ్ళకి గుండ్రం గింజే చెప్తా, మొండిది.

షాపు విత్తనాలతో ఒక పెద్ద జాగ్రత్త. గులాబీ రంగో ఎరుపో పూత ఉంటే అది తెగులు మందు, పొలంలో వేసి రెండు నెలల తర్వాత కాయ కోసుకోవడానికి చేసిన ఏర్పాటు. పన్నెండు రోజుల్లో కోసి తినే చిగురుకి అది విషం కిందే లెక్క. కడిగేస్తే పోతుందని ఒక షాపాయన నాకు ధైర్యం చెప్పాడు, నేను ఆ ప్యాకెట్ ఆయన కౌంటర్ మీదే పెట్టి వచ్చేశా. మందు పట్టించనిది అని అడిగి తీసుకోండి, లేకపోతే కిరాణా కొట్టే మేలు. ఇంకోటి, చలికాలంలో నర్సరీల్లో స్వీట్ పీ అని పూల ప్యాకెట్లు అమ్ముతారు, పేరు చూసి తియ్య బఠానీ అనుకుని కొనేరు, అది వేరే మొక్క, పూలకే, గింజ విషం, తినకూడదు.

కొన్న గింజలు పాతవో కొత్తవో చూస్తే తెలీదు. ఇరవై గింజలు నానబెట్టి తడి గుడ్డలో మూటకట్టి మూడు రోజులు చూడండి, పదహారుకి తక్కువ మొలిస్తే ఆ సరుకు కూరకి వాడేసి వేరే కొట్టు చూసుకోండి. మొలవని గింజ ఊరికే ఉండదు, అది కుళ్ళి పక్కనున్న మంచి గింజని కూడా లాగేస్తుంది, మీ ట్రేలో జరిగింది ఇదే అయ్యుండొచ్చు.

నానబెట్టడం

మీరు రాత్రి వేసి మర్నాడు సాయంత్రం తీశానన్నారు, అంటే ఇరవై గంటలు. అక్కడే గింజ సగం చచ్చింది. నీళ్ళలో ఉన్నంతసేపూ దానికి గాలి అందదు, ఎనిమిది గంటల్లో తాగాల్సినదంతా తాగేస్తుంది, ఆ పైన మునకే. నీళ్ళు తెల్లగా నురగ వచ్చి పుల్లటి వాసన వేసిందంటే గింజలోని చక్కెర బయటికి కారిపోతోందని అర్థం, ఆ చక్కెర తినడానికే బూజు వస్తుంది. నేను రాత్రి పది గంటలకి వేసి పొద్దున్న ఆరింటికి వార్చేస్తా. పగిలినవి, పురుగు పుచ్చినవి, పైకి తేలినవి ఏరి పారేస్తా. తర్వాత చిల్లుల గిన్నెలో వేసి తడి గుడ్డ కప్పి ఒక రోజంతా వదిలేస్తా, రెండుసార్లు నీళ్ళతో కడిగి పూర్తిగా ఓడ్చేస్తా. ముక్కు కొంచెం బయటికి రాగానే ట్రేలోకి. ఇలా చేస్తే మొలవని గింజలు ఇక్కడే దొరికిపోతాయి, ట్రే దాకా వెళ్ళవు.

నీళ్ళ గురించి ఒక మాట, బఠానీకి ఉప్పు అసలు పడదు. మీ బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే చప్పగా లేకుండా ఉప్పగా తగిలితే, తాగే నీళ్ళే వాడండి, ట్రేకి రోజుకి గ్లాసుడు కూడా పట్టవు.

ట్రే, పొట్టు

ట్రే అంటే కొనాల్సిన పని లేదు. కిలో స్వీట్ బాక్సు ప్లాస్టిక్‌ది, అడుగున కాల్చిన మేకుతో పది పన్నెండు చిల్లులు. చేపల మార్కెట్లో పారేసే థర్మాకోల్ పెట్టెలు కూడా వాడానండి మొదట్లో, ఎన్నిసార్లు కడిగినా వాసన పోక పిల్లులు మేడ ఎక్కాయి, మానేశా.

లోపల అంగుళం, అంగుళంన్నర మందం కొబ్బరి పొట్టు చాలు. మీ జిల్లాలోనే ఉద్దానం ఉంది, కవిటి, కంచిలి వైపు పీచు తీసేవాళ్ళ దగ్గర పొట్టు బస్తాల్లో దొరుకుతుంది, ఆన్‌లైన్లో ఇటుకల రేటు చూసి కళ్ళు తేలేయక్కర్లేదు. కానీ తెచ్చినదాన్ని మూడు నాలుగు నీళ్ళు పోసి కడిగి పిండాలి, అందులో ఉప్పు ఉంటుంది, రంగు నీళ్ళు కూడా పోవాలి. పిడికిట్లో పట్టుకుని నొక్కితే ఒకటి రెండు చుక్కలు కారాలి, ధార కడితే ఇంకా పిండాలి. ఎరువు అక్కర్లేదు, మొదటి పన్నెండు రోజులకి సరిపడా చద్దిమూట గింజే కట్టుకుని వస్తుంది. మట్టి వాడొద్దని కాదు, మన ఎర్రమట్టి తడిస్తే గట్టిపడి గాలి ఆడనివ్వదు, అందుకే పొట్టు.

గింజలు ఒకదాని పక్కన ఒకటి తగిలేట్టు పరవాలి, ఒకదాని మీద ఒకటి కాదు. నా ట్రే అడుగు పొడవు, పది అంగుళాల వెడల్పు, ఎండు లెక్కన నూట ఇరవై గ్రాముల దాకా పడతాయి. ఆశకి పోయి రెండు వందలు పోస్తే మధ్యలో వేడి పుట్టి కుళ్ళుతుంది, పండగ రద్దీలో ఆర్టీసీ బస్సులో నిలబడితే ఎలా ఉంటుందో అలా. పైన పొట్టు పల్చగా చల్లి తడి గోనె ముక్క కప్పండి.

వీడియోల్లో ట్రే మీద ట్రే పెట్టి పైన ఇటుక పెట్టమంటారు, వేరు గట్టిగా దిగుతుందని. చల్లటి దేశాల్లో అది నిజమే, మన ఉక్కలో ఆ ఇటుక కింద ఆవిరి పట్టి బూజు పెరుగుతుంది. జనవరి చలిలో ఒక్క రోజు బరువు పెడతానేమో గాని అంతకు మించి పెట్టను. గోనె ముక్క రెండు మూడు రోజులుంచి, మొలక దాన్ని పైకి ఎత్తుతుంటే తీసేస్తా. అప్పటికి పసుపుపచ్చగా పాలిపోయి ఉంటాయి, కంగారు పడకండి, వెలుతురు తగిలిన ఒక్క పూటలో ఆకుపచ్చ అయిపోతాయి, అది చూడ్డానికి మా మనవరాలు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

మీ తూర్పు బాల్కనీ దీనికి బంగారం. తొమ్మిదింటి దాకా వచ్చే ఎండ చాలు, ఆ తర్వాత గోడ వారకి జరిపెయ్యండి. పడమటి ఎండ తగిలిందా, నార.

బూజా, వేరు నూగా

మూడో రోజు మొలక మొదట్లో తెల్లగా దూదిలా కనిపిస్తే చాలామంది ట్రే మొత్తం పారబోస్తారు. ఆగండి. వేరు చుట్టూ మాత్రమే సన్నటి నూగు ఉండి, నీళ్ళు చిలకరించగానే వేరుకి అంటుకుపోయి కనిపించకుండా పోతే అది వేరు నూగు, మంచిదే. సాలెగూడులా గింజ నుంచి గింజకి అల్లుకుని, నీళ్ళు కొట్టినా అలాగే ఉండి, ముక్కు దగ్గర పెడితే పాత గోనె సంచి వాసన వేస్తే బూజు. నాలుగైదు గింజల దగ్గరే ఉంటే చెంచాతో చుట్టూ పొట్టుతో సహా తవ్వి తీసేసి, ఒక రోజు నీళ్ళు ఆపి, ఫ్యాన్ గాలి తగిలే చోట పెట్టండి, చాలాసార్లు మిగతాది దక్కుతుంది. చెయ్యెడు మేర పాకిపోతే మాత్రం మొండికేసి ప్రయోజనం లేదు, తినే వస్తువు, పారేసి ట్రే సబ్బుతో కడిగి ఎండబెట్టండి.

నీళ్ళు పై నుంచి పొయ్యకండి. నేను ట్రేని నీళ్ళున్న పళ్ళెంలో పది నిమిషాలు కూర్చోబెట్టి తీసేస్తా, అడుగు నుంచి పీల్చుకుంటుంది, తర్వాత ఏటవాలుగా ఆనించి మిగిలిన నీళ్ళు కారిపోనిస్తా. చలికాలంలో రోజుకొకసారి, అదీ పొద్దున్నే. ట్రే ఎత్తితే తేలిగ్గా ఉంటేనే నీళ్ళు, బరువుగా ఉంటే రేపు. రెండు ట్రేలు పోగొట్టుకున్నాక చేతికే తెలిసిపోతుంది.

కోత

మీ అసలు ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. ఒక మొలకని కింద నుంచి పైకి చూడండి, కళ్ళజోడు ఉంటే పెట్టుకుని మరీ. చిక్కుడు, బొబ్బర్లు మొలిచినప్పుడు గింజ రెండు బద్దలూ పైకి లేచి వస్తాయి, బఠానీ అలా కాదు, గింజ కింద కొబ్బరి పొట్టులోనే ఉండిపోయి కాండం మాత్రం పైకి వస్తుంది. పొట్టు మీద నుంచి అరంగుళం పైన కాండానికి అంటుకుని గోరు కొసంత చిన్న పొలుసు కనిపిస్తుంది, అది ఆకు అని కూడా అనిపించదు, నేను మొదట్లో చెప్పిన అడుగు కణుపు అదే. దాని పైన ఇంకోటి. ఆ పైన అసలు ఆకులు. ఆ కింది పొలుసు చంకలో ఆవగింజలో సగమంత మొటిమ ఉంటుంది, రెండో కోత అంతా అక్కడి నుంచే. కత్తెర ఆ కింది పొలుసు పైన పెట్టాలి, దాని కింద పెడితే ఆ మొక్క కథ అయిపోయినట్టే. ఒక అంగుళం మోడు మిగిలితే సరిపోతుంది. ఆవాలు, ముల్లంగి మొలకలు కోస్తే మళ్ళీ రావు, వాటికి చిగురు వేసే మొటిమ ఆకుల పైనే ఉండి కోతలో పోతుంది, బఠానీకి కిందే దాచిపెట్టిన పెట్టుబడి ఉంది.

ఎప్పుడు అంటే రోజులు లెక్క పెట్టకండి. డిసెంబర్లో నాకు పన్నెండు రోజులకి వస్తుంది, నవంబర్ వేడిలో తొమ్మిది రోజులకే. ఎత్తు నాలుగు నుంచి ఐదు అంగుళాలు, రెండు జతల ఆకులు విచ్చుకుని ఉండాలి, కొసన నులితీగ ఇంకా దారంలా మెత్తగా ఉండాలి, పక్కదాన్ని చుట్టేసుకోవడం మొదలెట్టకూడదు. చుట్టుకున్నాయంటే రెండు రోజులు ఆలస్యం అయినట్టు. ఇంకా తేలికైన పరీక్ష, కాండాన్ని కింది భాగంలో వేళ్ళతో వంచండి, పుటుక్కున విరిగితే లేత, వంగి తొక్క లాగా వేలాడితే ముదిరింది. ముదిరినా ట్రే అంతా పారేయక్కర్లేదు, విరిగే చోటు దొరికేదాకా పైకి జరిగి అక్కడ తుంచుకోండి.

పొద్దున్నే కోయండి, ఎండ ఎక్కకముందు, బాగా పదునైన కత్తెరతో. మొద్దు కత్తెర కాండాన్ని నలిపేస్తుంది, నలిగిన మోడు కుళ్ళుతుంది, రెండో కోత పోయె. నూట ఇరవై గ్రాముల గింజకి నాకు మొదటి కోత నూట యాభై దాకా తూగింది, బాగా కుదిరిన ట్రేలో. రెండోది పది పన్నెండు రోజులకి, అందులో సగం. అప్పటికి గింజలో సరుకు అయిపోతుంది కాబట్టి మొదటి కోత అయ్యాక ఒకసారి గుప్పెడు వర్మీకంపోస్టు పల్చగా చల్లి నీళ్ళు పెడతా.

ఇప్పుడు హోటల్ ముచ్చట. ప్లేట్ల మీద అలంకరణకని వారానికి ఆరు ట్రేలు అడిగారు, రెండు నెలలు బాగా నడిచింది. ఫిబ్రవరిలో బొబ్బిలిలో పెళ్ళికెళ్ళి మూడు రోజులు ఉండిపోయా, మా ఆయనకి నీళ్ళు పెట్టమని చెప్పా గాని కోయమని చెప్పలేదు. వచ్చేసరికి ఎనిమిది అంగుళాలు, పచ్చగా, గుబురుగా, చూడ్డానికి చక్కగా ఉన్నాయి, నేను కూడా మురిసిపోయి అలాగే పంపేశా. కిచెన్‌లో ఆయన ఒక రెమ్మ నోట్లో వేసుకుని నమిలి నమిలి దారంలాంటిది ప్లేట్లో పెట్టి "మేడమ్, ఇది చిగురా, పీచు మిఠాయా" అన్నాడు. ఆరు ట్రేలూ వెనక్కి. కోపం వచ్చింది గాని ఆయన తప్పేం లేదు, నేను ముందు ఒక రెమ్మ తిని చూడకుండా పంపడమే తప్పు. అప్పటి నుంచీ కోసే రోజు ముందు ఒకటి పచ్చిగా నమలందే కత్తెర తియ్యను. మేత మాత్రం వృథా పోలేదు, పాలాయన గేదెకి పండగ.

ట్రే ఎందుకు, తీగే పెంచొచ్చుగా అంటే

పెంచొచ్చు, చోటుంటే నా ఓటు దానికే. అడుగు గ్రోబ్యాగ్‌లో పది పన్నెండు గింజలు అంగుళం లోతున గుచ్చి, సరుగుడు పుల్లలు నాలుగు పాతండి. నెలకి మోకాలెత్తు వచ్చాక కొసన రెండు ఆకులతో సహా వేళ్ళతో గిల్లండి, పక్క కొమ్మలు వస్తాయి, అవీ గిల్లండి, ఐదారు రోజులకొకసారి ఒక బ్యాగు గుప్పెడు ఇస్తుంది. ఖరగ్‌పూర్లో అమ్మే మటర్ శాక్ ఇలాంటి కొసలే, ట్రే చిగురు కంటే రుచి చిక్కగా ఉంటుంది. పూత వస్తే ఆకు గట్టిపడుతుంది, అప్పుడిక గిల్లడం ఆపి కాయకి వదిలేస్తా.

దీనికి ట్రేలో లేని శత్రువులుంటారు. జనవరి చివర్లో ఆకు మీద బూడిద చల్లినట్టు తెల్లగా వస్తుంది, బూడిద తెగులు, ఆ ఆకులు తుంచి పారేస్తా, ఎక్కువైతే మొక్కే పీకేస్తా. పేనుబంక కొసల్లోనే కూర్చుంటుంది, అంటే మనం తినే చోటే, గట్టిగా నీళ్ళు కొడితే చాలావరకు పోతుంది. వేపనూనె కొట్టొచ్చు గాని వారం దాకా కూరంతా చేదు. ఇంకా పావురాలు, ట్రే అయినా బ్యాగైనా మొలక ముక్కు కనిపించిన రోజే వాలతాయి, మీ బాల్కనీకి పాత దోమతెర ముక్క కట్టుకోండి, ఇది వేసే ముందే చెయ్యండి, వేశాక కాదు.

వండటం, తినడం

కోసినవి కడగకుండా పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగు రోజులు ఉంటాయి, కడిగి పెడితే రెండో రోజుకే జిగురు. వండే ముందు కడుక్కోండి. పెసరపప్పు అరగంట నానబెట్టి పలుకుగా ఉడికించి పెట్టుకుని, పోపులో ఎండుమిర్చి, వెల్లుల్లి నాలుగు రెబ్బలు చితక్కొట్టి, చిగుళ్ళు వేసి పెద్ద మంట మీద ఒకటిన్నర నిమిషం తిప్పి పప్పు కలిపి దించేయాలి. మూత పెట్టొద్దు, చింతపండు వెయ్యొద్దు, పులుపుతో ఉడికితే ఆకుపచ్చ పోయి మురికి రంగు వస్తుంది, కావాలంటే దించాక నిమ్మకాయ పిండండి. ఒక ట్రే చిగుళ్ళు ఉడికితే చిన్న గిన్నెడు అవుతాయి, ఇద్దరికి సరి, కాబట్టి నలుగురున్న ఇంట్లో రెండు ట్రేలు నాలుగు రోజుల తేడాతో వేసుకోండి. నాకు ఇష్టమైనది ఇంకోటి, పెసరట్టు మీద ఉల్లిపాయ బదులు పచ్చి చిగుళ్ళు తరిగి చల్లి మడవడం.

పచ్చిగా తినాలంటే బూజు పట్టిన ట్రేలోవి వద్దు, బాగా కడగాలి. గర్భిణులు, బాగా చిన్నపిల్లలు, ఒంట్లో బాగోలేనివాళ్ళు ఉడికించినవే తినడం మంచిది, ఉక్కలో పెరిగే మొలకల మీద సూక్ష్మజీవులు బేగి పెరుగుతాయి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు ఏ ఆకుకూరైనా ఉన్నట్టుండి ఎక్కువ తినకూడదు, వీటిలో కూడా విటమిన్ కె ఉంటుంది, డాక్టర్ని అడిగి మొదలెట్టండి. మా అత్తగారికి అలాగే వారానికి ఇంత అని కొలిచి పెడుతున్నా. మొదటి ఏడాది "గింజ తినాల గానీ గడ్డి తింతారేటే" అన్న మనిషే ఇప్పుడు కార్తీకం వచ్చిందంటే ట్రేలు కడిగావా అని అడుగుతుంది.

మీ దగ్గర మిగిలిన గింజలు పారేయకండి. డబ్బాలో మూత బిగించి పొడి చోట పెట్టి, నవంబర్ మధ్యలో ఆ ఇరవై గింజల పరీక్ష చెయ్యండి. పాసైతే మొదటిసారి ఒక్క స్వీట్ బాక్సే వెయ్యండి, రెండు కోతలు అయ్యాక మిగిలిన వేర్ల చాపని పొట్టుతో సహా ఎత్తి పూల కుండీ అడుగున బోర్లించి పైన మట్టి కప్పెయ్యండి, నెలలో చివికిపోతుంది, నేను దాని మీదే బంతి నారు పెడతా.